న్యూట్రాన్లు కాపలా ఉన్న గది

"మధ్యాహ్నం రెండింటికి వీణ్ణి మెజిస్ట్రేటు ముందల నిలబెడుతున్న. ఆలోపు నువ్వేం చూస్తవో చూస్కో మేడమ్. రెండు దాటినంక ఈ కేసు నీది గాదు, నాది సుత గాదు, ఢిల్లీ వాళ్ళది," అన్నాడు సర్కిల్ ఇన్‌స్పెక్టర్ బ్రహ్మచారి.

"ఇప్పుడు పది. చాలినంత టైముంది," అంది సలోమి.

"చాలకపోతే?"

"చాలకపోతే నా బోర్డు నేనే పీకేసుకుంటా. చాలితే మాత్రం ఆ బేడీలు మీ చేత్తోనే విప్పాలి. కానిస్టేబుల్‌తో కాదు."

బ్రహ్మచారి నవ్వాడు. ఆ నవ్వు సలోమికి కొత్త కాదు. మోండా మార్కెట్ దగ్గర మేడమీద ఆమె డిటెక్టివ్ బోర్డు తగిలించిన రోజున, కింద నిలబడి ఇలాగే నవ్వి వెళ్ళిన మనిషి ఆయన. అంతకు ముందు ఆమె మిషన్ ఆసుపత్రి ఎక్స్‌రే విభాగంలో పదకొండేళ్ళు పనిచేసింది. దొంగ మెడికల్ సర్టిఫికెట్లు అమ్ముతున్న పెద్ద డాక్టరు గుట్టు రట్టు చేసింది. డాక్టరుకి ప్రమోషన్ వచ్చింది, ఈమెకి ఉద్యోగం పోయింది. ఆనాటి నుంచి ఆమెకి పెద్దమనుషులంటే భయం పోయింది.

సంగతి ఇది. మెట్టుగూడ దాటాక రైలు కట్ట పక్కనున్న ఈ లోహ పరిశోధన కేంద్రంలో, శుక్రవారం సాయంత్రం ఏడు గంటలకు న్యూట్రాన్ హాలు తలుపు తెరిచేసరికి లోపలుండాల్సిన ఏడు ఉక్కు బిళ్ళలు లేవు. ఒక్కోటి అర్ధరూపాయి నాణెమంత ఉంటుంది. పాత ఇనప సామానువాడు కూడా ముట్టుకోడు. కానీ పదకొండు నెలలుగా అవి న్యూట్రాన్ల దెబ్బలు తింటున్నాయి. మంగళవారం ఢిల్లీ నుంచి నిపుణుల కమిటీ వస్తున్నది వాటిని కోసి చూడడానికే.

శుక్రవారం మూడు నుంచి నాలుగు దాకా యంత్రం ఆపినప్పుడు హాల్లోకి వెళ్ళింది ఒక్కడే, నీటి గొట్టాలు చూసే టెక్నీషియన్ అల్లాఉద్దీన్. నాలుగింటికి తలుపు మూసి మళ్ళీ యంత్రం పెట్టారు. ఏడింటికి ఆపారు. ఆ మూడు గంటలూ హాలుకి న్యూట్రాన్లే కాపలా. అందులోకి బుద్ధున్నవాడు ఎవడూ అడుగుపెట్టడు. కాబట్టి బ్రహ్మచారికి లెక్క తేలిపోయింది. నాలుగింటిలోపే అల్లాఉద్దీన్ బిళ్ళలు జేబులో వేసుకున్నాడు, పైదేశం వాళ్ళకి అమ్మేశాడు. కేసు దేశద్రోహం, బెయిలు లేదు. ఆదివారం మధ్యాహ్నం ఇంట్లో పడుకున్నవాణ్ణి లేపి తీసుకుపోయారు.

ఆ సాయంత్రమే వాడి తల్లి ఇమాంబీ సలోమి మెట్లెక్కింది. ఈ పొద్దున కూడా కేంద్రం గేటు బయట ఎర్రటి ఎండలో నిలబడి ఉంది. రంజాను నెల. గొంతు ఎండిపోయి ఉన్నా మాట మాత్రం తగ్గలేదు.

"నా కొడుకు రోజా మీదున్నడు బిడ్డా. రోజా మీదున్నోడు దొంగతనం చేస్తడా? గా పోలీసాయనకు చెప్పు. వాడు చేసిండని ఖురాన్ మీద చెయ్యేసి ఆయన్ని చెప్పమను. నేను ఈణ్ణుంచి కదల," అంది సలోమితో.

"నీడలో కూర్చో చాచీ."

"నా కొడుకు ఎండల నిలబడ్డడు. నాకేం నీడ?"

ఆ ముసలమ్మని ఒప్పించడం దేవుడి వల్ల కూడా కాదని సలోమికి అర్థమైంది. లోపలికి నడిచింది.

పంచనామా కోసం అల్లాఉద్దీన్‌ని బేడీలతోనే తీసుకొచ్చారు. హాలు బయట వసారాలో బల్లమీద కూర్చున్నాడు. ముప్ఫై ఏళ్ళుంటాయి. కుడిచేతి వేలికి నీలం రాయి పొదిగిన వెండి ఉంగరం. పక్కన నిలబడి ఉన్నవాడు యంత్రం నడిపే ఆపరేటరు జకర్యా. ఇద్దరూ లాలాగూడలో ఒకే గల్లీలో పుట్టి పెరిగినవాళ్ళు. ఒకడు మసీదుకి, ఇంకొకడు చర్చికి వెళ్ళేటప్పుడు తప్ప విడిగా కనిపించరని పేరు.

"శుక్రవారం హాల్లోకి ఎందుకు వెళ్ళావు?" అని అడిగింది సలోమి.

"నీళ్ళ జాయింటు కారుతుండె మేడమ్. న్యూట్రాన్లు పుట్టిచ్చే టార్గెట్టు చక్రం తిరుగుతనే ఉంటది గదా, దానికి చల్లనీళ్ళు పోవాలె. బిగించి వచ్చిన."

"బిళ్ళలు చూశావా?"

"చూసిన. ఏడూ ఉండె. వాటి పక్క చెయ్యి సుత పెట్టలే."

"నువ్వు బయటికి వచ్చాక?"

"గీడనే. తలుపు పక్కన నీళ్ళ గేజీ ఉంటది. యంత్రం నడిచినంతసేపు దాన్ని చూస్తా కూసోవాలె. సైరన్ మోగినంక రోజా ఇడవనీకి క్యాంటీన్ ఎనకకు పోయిన. వాచ్‌మన్ ఫకీర్, నేను. పావుగంట."

"ఆ పావుగంట గేజీ ఎవరు చూస్తారు?"

"ఎవ్వరు చూడరు. అందుకే రంజాన్ల జకర్యా ఆ టైముకు బీమ్ తగ్గిస్తడు, న్యూట్రాన్లు తక్కువొస్తయ్. పొయ్యి సిమ్ముల పెట్టినట్టు. నేనొచ్చినంక మళ్ళ పెంచుతడు. మూడేండ్ల సంది గిదే పద్ధతి."

బ్రహ్మచారి గడియారం చూసుకున్నాడు. "ఇఫ్తార్ ముచ్చట్లు ఎందుకు మేడమ్? దొంగతనమైంది నాలుగింటిలోపు. ఆరున్నరకు వీడు ఖర్జూరాలు తిన్నడా, బిర్యానీ తిన్నడా, నాకెందుకు?"

"నాలుగింటిలోపే అయిందని ఎవరు చెప్పారు మీకు?"

"తలుపు చెప్పింది. గా తలుపు జెర తెరిస్తే చాలు, యంత్రం బందయితది. నాలుగు నుంచి ఏడు దాకా ఒక్కపారి సుత బందు కాలే. జకర్యా, అవునా?"

"అవును సార్," అన్నాడు జకర్యా నేల చూస్తూ.

"అయితే తలుపునే అడుగుదాం," అంది సలోమి.

మందపాటి సీసపు తలుపు అది. వెనక మెలిక తిరిగిన సందు, సందు చివర హాలు. యంత్రం శుక్రవారం నుంచి ఆపేసి ఉంది, లోపలికి పోవచ్చని జకర్యా చెప్పాడు. కానీ సలోమి లోపలికి పోలేదు. తలుపు చట్టం దగ్గర ఆగి, పైనుంచి కిందికి వేళ్ళతో తడుముకుంటూ వచ్చింది. నడుము ఎత్తులో ఒక చిన్న నొక్కుమీట ఉంది. తలుపు మూస్తే అది లోపలికి నొక్కుకుంటుంది, తెరిస్తే బయటికి పొడుచుకొస్తుంది. వచ్చిందంటే యంత్రం ఆగిపోతుంది, గంట మోగుతుంది.

మీట చుట్టూ చట్టమంతా దుమ్ము. మీటకి అటూ ఇటూ రెండువేళ్ళ వెడల్పున మాత్రం దుమ్ము లేదు. సలోమి అక్కడ గోరుతో గీకింది. గోరుకి బంక అంటుకుంది, బంకలో రెండు తెల్లటి నూలుపోగులు. ఆమె వాసన చూసింది. పదకొండేళ్ళు ముక్కుకి అలవాటైన వాసన అది.

"ఇదేంటో తెలుసా ఇన్‌స్పెక్టర్ గారూ?"

"మైల."

"ఆసుపత్రి ప్లాస్టరు. మా ఎక్స్‌రే గదికీ ఇలాంటి మీటే ఉండేది. తలుపు తెరిస్తే మిషన్ పనిచేయదు. సోమవారం రోగులు బారులు తీరినప్పుడు, మాటిమాటికీ ఆగుతోందని మా అటెండర్లు ఏం చేసేవాళ్ళంటే, మీట నొక్కిపెట్టి మీద ప్లాస్టరు అంటించేసేవాళ్ళు. తలుపు బార్లా తీసి ఉన్నా, మూసే ఉందనుకునేది మిషన్. నేను ఎన్నిసార్లు పీకానో లెక్కలేదు."

"ఎప్పటిదో అయ్యుంటది. యంత్రం పెట్టిననాటిదేమో."

"ముట్టుకుని చూడండి. ఇంకా జిగురుగా ఉంది. ఈ ఎండకి, ఈ దుమ్ముకి వారం తిరిగితే నల్లగా పెచ్చు కడుతుంది."

బ్రహ్మచారి ముట్టుకున్నాడు. వేలు అంటుకుంది. ఖాకీ ప్యాంటుకి తుడుచుకున్నాడు. ఆ మనిషి మొండివాడే గానీ మొద్దు కాదు.

"అంటే ఏందీ? న్యూట్రాన్లు కురుస్తుంటే ఎవడన్న లోపలికి పోయిండంటవా? పిచ్చోడా?"

"పిచ్చోడు కాదు. లెక్క తెలిసినవాడు. బీమ్ తక్కువగా ఉండే టైము తెలిసినవాడు. గేజీ దగ్గర ఎవరూ ఉండని పావుగంట తెలిసినవాడు. ఎవడూ పోలేని టైములో పోతే ఎవడూ అనుమానించడు, నేరం అంతకు ముందు పోయినవాడి నెత్తిన పడుతుంది. పడింది కదా?"

ఘల్లున ఏదో పడ్డ చప్పుడు. జకర్యా చేతిలోని తాళాల గుత్తి. అతను గబుక్కున వంగి తీసుకున్నాడు. సలోమి చూడనట్టే చూసింది.

"జకర్యా, శుక్రవారం సైరన్ మోగగానే బీమ్ తగ్గించావా?"

"ఎప్పటి లెక్కనే మేడమ్."

"తగ్గించావా, లేదా?"

"ఎప్పటి లెక్కనే అంటున్న గదా," అన్నాడు మళ్ళీ. మొహం ఎత్తలేదు. అతనేదో దాస్తున్నాడు. దొంగకి తోడుదొంగా, లేక ఇంకేమైనా ఉందా అన్నది ఆమెకి అంతుపట్టలేదు. స్నేహితుడి చేతికి బేడీలు పడి ఉంటే నోరు కట్టుకుని నిలబడ్డాడని మాత్రం ఒళ్ళు మండింది.

"ఇక్కడ రేడియేషన్ కొలిచే పెట్టె ఉంటుంది కదా, టకటకలాడేది. తీసుకురా."

తెచ్చాడు. గొట్టం ఒకటి, తీగ, చిన్న పెట్టె. మీట తిప్పగానే ఒకటి రెండు టకటకలు. గాలిలో, గోడలో ఎప్పుడూ ఉండే లెక్కే అది. సలోమి గొట్టం తీసుకుపోయి అల్లాఉద్దీన్ వెండి ఉంగరం మీద పెట్టింది. పెట్టె అదే బద్ధకంతో రెండుసార్లు టక్కుమంది, ఊరుకుంది.

"ఈ ఉంగరం ఎప్పుడైనా తీస్తావా?"

"తియ్యనీకి రాదు మేడమ్. కణుపు లావైంది. అమ్మ ఏసిన ఉంగరం."

సలోమి ఇన్‌స్పెక్టర్ వైపు తిరిగింది. "న్యూట్రాన్లు పెద్ద చాడీకోరు ముండలు. ఏ లోహాన్ని ముట్టుకుంటే ఆ లోహం కొన్నాళ్ళదాకా మాట్లాడుతూనే ఉంటుంది. యంత్రం నడుస్తుంటే లోపలికి పోయినవాడి ఒంటిమీద వెండి ఉన్నా బంగారం ఉన్నా ఈపాటికి ఈ పెట్టె గోల చేయాలి. ఇతని ఉంగరం మౌనంగా ఉంది."

"అయితే ఇంకెవడి ఉంగరం మాట్లాడుతది?"

"అడిగి చూద్దాం రండి. మీరూ రండి, జకర్యా నువ్వూ రా."

డాక్టర్ దేవానందం ఈ ప్రయోగానికి పెద్ద. గుంటూరు వైపు నుంచి వచ్చి పాతికేళ్ళయింది. సలోమి వెళ్ళే చర్చిలోనే సంఘపెద్ద. ఏ ఇంట్లో కష్టమొచ్చినా ముందు నిలబడే మనిషి. సలోమి ఉద్యోగం పోయినప్పుడు సంఘంలో ఆమె పక్షాన మాట్లాడింది ఆయనొక్కడే. ఆ గది గడప దాటడం ఆమెకి ఇష్టం లేదు. అయినా ఆగలేదు.

ఆయన కుర్చీలోంచి లేవకుండానే కుడిచేత్తో కూర్చోమన్నాడు. ఎడమచెయ్యి ప్యాంటు జేబులో ఉంది. వెనక గోడకి నల్లబల్ల, మూలన సీసపు డబ్బాలు.

"రామ్మా సలోమీ. అల్లాఉద్దీన్ చేశాడంటే నాకూ నమ్మబుద్ధి కావట్లేదు. కానీ ఏం చేస్తాం."

"మీరు ఏం చేయగలరో తర్వాత మాట్లాడుకుందాం అన్నగారూ. ఆ బిళ్ళలు ఎందుకంత ముఖ్యమో ముందు చెప్పండి. ఇన్‌స్పెక్టర్ గారికి కూడా అర్థమయ్యేలా."

ఆయన కళ్ళు వెలిగాయి. ఆ మాట ఎవరడిగినా వెలుగుతాయి.

"సూర్యుడిలో మండేదాన్ని మనం ఒక పాత్రలో మండించాలి. సంలీనం అంటారు. అది సాధ్యమైతే ఈ కరెంటు కోతలన్నీ మన పిల్లలకి కథల్లో చెప్పుకోవాల్సిందే. మంట సంగతి సరే, పాత్ర గోడ సంగతేమిటి? ఆ మంటలోంచి వచ్చే న్యూట్రాన్లు ఉక్కులోని అణువుల్ని చోటు నుంచి తన్నేస్తాయి. లోపల హీలియం బుడగలు పుడతాయి. గట్టి ఉక్కు ఉబ్బుతుంది, పెళుసు బారుతుంది, అప్పడంలా విరుగుతుంది. అలా విరగని ఉక్కు కావాలి. అది విరుగుతుందో లేదో ఏళ్ళ తరబడి కూర్చుని చూడలేం కదా. అందుకే ఇంత ఉధృతంగా న్యూట్రాన్లు కురిపించే యంత్రం. ఏళ్ళ దెబ్బలు నెలల్లో కొట్టి చూస్తాం."

"మీ ఉక్కు విరగదని నిరుడు ఢిల్లీలో పెద్ద సభలో చెప్పారు."

"చెప్పాను."

"నిజమేనా?"

"కమిటీ చూసి చెప్పాల్సింది. బిళ్ళలు పోయాయిగా," అన్నాడాయన. గొంతులో వెలుగు తగ్గింది.

"శుక్రవారం సాయంత్రం హాల్లోకి ఎప్పుడు వెళ్ళారు?"

"ఏడింటికి. బీమ్ ఆపాక, జకర్యాతో కలిసి. అప్పుడే కదా చూసింది లేవని."

"అంతకు ముందు?"

"ఈ గదిలోనే ఉన్నాను."

"యంత్రం నడుస్తుండగా ఎప్పుడైనా లోపలికి వెళ్ళారా? శుక్రవారం కాకపోతే ఇంకెప్పుడైనా?"

"ఈ పాతికేళ్ళ సర్వీసులో ఒక్కసారి కూడా లేదు. నేనేమైనా వెర్రివాడినా?"

"హాల్లోకి పోయేటప్పుడు ఉంగరాలు, గడియారాలు తలుపు దగ్గర తట్టలో పెట్టాలని మీరే రూలు పెట్టారట. మీ పెళ్ళి ఉంగరం పెడతారా?"

ఆయన మొదటిసారి తడబడ్డాడు. "అది... నీకు తెలుసుగా. మేబెల్ వేలికి నేను, నా వేలికి మేబెల్, అయ్యగారి ముందు తొడుక్కున్నవి. ఆమె పోయి ఆరేళ్ళయినా తీయలేదు. ఆ రూలు మిగతావాళ్ళకి."

"నిన్న మొదటి ఆదివారం. అందరూ వరసగా వెళ్ళి మోకరించి ప్రభురాత్రి భోజనం తీసుకుంటే మీరు వెనక బెంచీలోంచి లేవలేదు. పాతికేళ్ళలో అలా ఎప్పుడూ చూడలేదు మిమ్మల్ని. సహోదరుడి మీద తప్పు పెట్టుకుని ఆ రొట్టె ముట్టుకోకూడదని మాకు నేర్పింది మీరే అన్నగారూ."

"కడుపు బాగాలేదమ్మా నాకు. శుక్రవారం రాత్రంతా వాంతులు. బయట ఏదో తిన్నాను."

"ఎడమచెయ్యి చూపించండి."

"ఏమిటీ అధికారం?" ఆయన గొంతు లేచింది. "నేను ఎవరనుకుంటున్నావు? పోలీసులున్నారు, చట్టముంది. నువ్వెవరు నన్ను చెయ్యి చూపించమనడానికి?"

"నేనెవర్నీ కాదు. గేటు బయట ఒక తల్లి నిలబడి ఉంది. ఆమె తరఫున అడుగుతున్నా."

"చూపించను."

అప్పుడు బ్రహ్మచారి, పొద్దుటినుంచి సలోమికి అడ్డం పడుతూ వచ్చిన బ్రహ్మచారి, టోపీ తీసి బల్లమీద పెట్టాడు.

"సార్, మీరు పెద్దోళ్ళు. చెయ్యే గదా. చూపిస్తే అయిపోతది. చూపియ్యకపోతే మాత్రం నేను రాసుకోవాల్సొస్తది."

దేవానందం చెయ్యి బయటికి తీశాడు. అరచెయ్యి, వేళ్ళు ఎర్రగా కాలినట్టు ఉబ్బి ఉన్నాయి. బంగారపు ఉంగరం ఆ వాపులో కూరుకుపోయింది. తీద్దామన్నా ఇక రాదు. సలోమి గొట్టాన్ని దాని దగ్గరికి తీసుకుపోయింది. ఇంకా జానెడు దూరంలో ఉండగానే పెట్టె ఊపిరాడనట్టు టకటకటకమని మొదలుపెట్టింది. గొట్టం వెనక్కి తీస్తే తగ్గింది, ముందుకి పెడితే పెరిగింది.

"ఇక ఆపు దాన్ని," అన్నాడు దేవానందం. పెట్టె ఆగింది.

ఆయన ఏడవలేదు, బతిమాలలేదు. వీపు నిటారుగా పెట్టి కూర్చున్నాడు.

"తీశాను. మధ్యాహ్నం తలుపు తెరిచి ఉన్నప్పుడే మీటకి ప్లాస్టరు అంటించాను, ఏడింటికి పీకేశాను. అయితే ఏమిటి? అవి నా బిళ్ళలు. నా ఉక్కు. ఆ మూలన మూడో సీసపు డబ్బాలో ఉన్నాయి, తీసుకోండి. గదినిండా రేడియేషన్ సరుకే ఉంటే ఇంకో ఏడు బిళ్ళలు ఎవరు పసిగడతారు? వాటితోపాటు పెట్టిన ఎనిమిదోదాన్ని మార్చిలో విడిగా కోసి చూశాను. నిండా బుడగలే. వేళ్ళతో వంచితే విరిగింది. నేను ఢిల్లీలో చెప్పింది తప్పని తేలిపోయింది. కమిటీ చూస్తే ప్రయోగం మూసేస్తుంది, యంత్రానికి తాళం పడుతుంది. నాకు ఇంకొక్క సంవత్సరం కావాలి. ఎక్కడ తప్పిందో నాకు తెలిసింది. సరిచేసేవాణ్ణి."

"ఆ సంవత్సరం కోసం అల్లాఉద్దీన్‌ని జైలుకి పంపిస్తారా?" అంది సలోమి.

"నేను అతని పేరు చెప్పలేదు."

"కాదని కూడా చెప్పలేదు. అతను రోజా విడుస్తున్న పావుగంటని దొంగిలించారు మీరు. బిళ్ళల కంటే అది పెద్ద దొంగతనం."

ఆ మాట తగిలింది. ఆయన కళ్ళు ఒక్క క్షణం వాలాయి. మళ్ళీ లేచాయి.

"అతణ్ణి విడిపించేవాణ్ణి. లాయరుని పెట్టి అయినా విడిపించేవాణ్ణి. నా తప్పు నేను ఒప్పుకుంటున్నాను, శిక్ష వేయించుకోండి. కానీ నేను పిరికివాణ్ణని మాత్రం అనకు. ముప్ఫై సెకన్లు లెక్కపెట్టుకుని ఆ హాల్లోకి వెళ్ళాను. ఇఫ్తార్ బీమ్ అంటే పూర్తి బీమ్‌లో యాభయ్యో వంతు. లెక్క వేసుకునే వెళ్ళాను. ఎక్స్‌రే గదిలో నువ్వు పదకొండేళ్ళలో తిన్నదానికంటే కాస్త ఎక్కువ, అంతే."

సలోమి ఆయన చేతివైపే చూస్తోంది. ఇంతసేపూ దొంగ దొరికాడన్న పట్టుదలలో ఒక సంగతి ఆమె తలకెక్కలేదు.

"అన్నగారూ, యాభయ్యో వంతుకి చెయ్యి ఇలా కాలదు. రాత్రంతా వాంతులు కావు."

"మిరపకాయ బజ్జీలు తిన్నానమ్మా. చేతికి ఫ్లాస్కులో వేడినీళ్ళు పడ్డాయి," అన్నాడు. కళ్ళెదుట ఉన్నదాన్ని చూడనంటే చూడననడం ఆయనకి ఉక్కు విషయంలోనే అలవాటైంది.

తలుపు దగ్గర జకర్యా గోడకి ఆనుకుని జారిపోతూ కూర్చుండిపోయాడు. రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు.

"తగ్గియ్యలే సార్."

"ఏమిట్రా?"

"శుక్రవారం బీమ్ తగ్గియ్యలే. వారమంతా కరెంటు పోయి పోయి గంటలు తక్కువైనయ్. మంగళారం కమిటీ వస్తుందని మీరు పరేషాన్ల ఉంటిరి. మీ లెక్క నిండాలె, మీ పేరు నిలబడాలె అనుకున్న. గేజీ దగ్గర మనిషి లేకుండ ఫుల్లు నడుపుడు తప్పే, కని ఒక్కరోజుకు ఏమైతది అనుకున్న. ఎవ్వరికీ చెప్పలే. తలుపు దగ్గర ఎర్రలైటు ఎట్లయినా ఎలుగుతనే ఉంటది గదా సార్, ఎంత ఉందో అది చెప్పదు. మీరు లోపలికి పోతరని నాకేం తెలుసు సార్? నాకేం తెలుసు?"

"ఎంతలో ఉంది జకర్యా?" ఆయన గొంతు చాలా మామూలుగా ఉంది.

"ఫుల్లుల ఉండె సార్."

దేవానందం లేచాడు. నల్లబల్ల దగ్గరికి వెళ్ళి కుడిచేత్తో సుద్దముక్క తీసుకున్నాడు. ఆయన ఎడమచేతివాటం మనిషి. కుడిచేత్తో అంకెలు వంకరగా పడ్డాయి. దూరం, సెకన్లు, బీమ్. ఒక గీత గీసి, కింద జవాబు వేశాడు. రెండు నిమిషాలు దానివైపే చూస్తూ నిలబడ్డాడు. తర్వాత అరచేత్తో మొత్తం తుడిచేశాడు.

"భయపడినంత ఏం లేదురా," అన్నాడు జకర్యాతో. "నువ్వు నీ పని చేశావు. లెక్క సరిగ్గా నింపావు. తప్పు నాది, ఆ పద్ధతిని నమ్ముకున్నాను. లే. వెళ్ళి అల్లాఉద్దీన్‌కి చెప్పు, నేను చేశానని చెప్పు. వాళ్ళమ్మకి కూడా నువ్వే చెప్పు."

జకర్యా కళ్ళు తుడుచుకుని లేచాడు. సార్‌కి ఏం కాదన్న మాట పట్టుకుని వసారాలోకి పరుగెత్తాడు. బ్రహ్మచారి బేడీల తాళంచెవి జేబులోంచి తీసి అతని వెనకే కదిలాడు. సలోమి ఇన్‌స్పెక్టర్ చెయ్యి పట్టుకుని ఆపింది. నల్లబల్ల మీది అంకెని, ఆయన తుడవకముందే ఆమె చదివేసింది. అంత మోతాదు తిన్నవాళ్ళు రెండోరోజుకి తేరుకున్నట్టే కనిపిస్తారనీ, ఆ తేరుకోవడం ఎన్నాళ్ళో నిలవదనీ ఎక్స్‌రే విభాగంలో చేరిన మొదటి నెలలోనే ఆమెకి నేర్పారు.

"ఇన్‌స్పెక్టర్ గారూ, బేడీలు విప్పి రండి. ఈయన్ని స్టేషన్‌కి తీసుకుపోవద్దు. మీ జీపులోనే పెద్దాసుపత్రికి పోనివ్వండి, ఇప్పుడే," అంది గొంతు తగ్గించి.

"ఆసుపత్రేంది? మనిషి మంచిగనే ఉన్నడు గదా. ముందు కోర్టుల పెట్టాలె. వాయిదా పడ్డా నెలరోజులల్ల ట్రయల్ షురూ అయితది."

"నెలరోజుల తర్వాత బోనులో నిలబెట్టడానికి మీకు ముద్దాయి ఉండడు."

దేవానందం విన్నాడు. వినలేదన్నట్టు సుద్దపొడి అంటిన చేతిని ప్యాంటుకి తుడుచుకుని, మూలనున్న మూడో సీసపు డబ్బా మూత తానే తీశాడు.

"కమిటీని రేపు రమ్మనే చెప్పమ్మా," అన్నాడు. "ఎక్కడ తప్పిందో వాళ్ళకి నేనే చెప్పాలి. రాయడానికి ఎవరినైనా పంపించు. ఈ చేత్తో రాస్తే అంకెలు సరిగ్గా రావట్లేదు."